గురుడు రాళ్ళ దారి ఎలా మళ్ళిస్తాడు: గ్రాఫ్ పేపర్ మీద మీరే గీసి చూడండి

పుష్కరాల లెక్క తెలిసినవాళ్ళకి గురుడి చుట్టు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గోదావరికి 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి, ఆ మరుసటి ఏడాది కన్యారాశిలోకి వస్తే కృష్ణకు. పన్నెండేళ్ళని అంటాం కానీ అసలు లెక్క 11.86 ఏళ్ళు.

దానికి ఇంకో మూడు నాలుగు అంకెలు కలిపితే చాలు, అంత పెద్ద గ్రహం పక్కనుంచి ఒక తోకచుక్క పోతే దాని గతి ఏమవుతుందో మీ టేబుల్ మీదే గీసి చూడొచ్చు. ఇంటర్ ఎంపీసీ లెక్కలు గుర్తుంటే సరిపోతుంది. "గురుడు భూమికి కవచం, మన మీదకొచ్చే రాళ్ళన్నీ తనే లాగేసుకుంటాడు" అనే మాట యూట్యూబ్‌లో తరచూ వినిపిస్తుంటుంది కదా, అందులో నిజమెంతో చివర్లో కోణమానినితో కొలుద్దాం. జాతకంలో గురుబలం సంగతి మాత్రం వేరేవాళ్ళని అడగండి, ఇక్కడ బలం అంటే లాగే బలమే.

కావలసినవి: గ్రాఫ్ పేపర్లు, స్కేలు, కోణమానిని, వృత్తలేఖిని, సైంటిఫిక్ కాలిక్యులేటర్ (ఫోన్‌లోదైనా ఫర్వాలేదు), తర్వాతి పనులకి ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ.

షీటు పైన ఈ అంకెలు రాసిపెట్టుకోండి. ప్రతి పనిలోనూ ఇవే కావాలి.

సూర్యుడి నుంచి గురుడి దూరం 5.204 ఏయూ. ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం, దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు.
గురుడి వేగం సెకనుకు 13.06 కి.మీ. గీసేటప్పుడు 13 చాలు.
గురుడి బరువు 318 భూములంత, సూర్యుడి బరువులో 1047వ వంతు.
గురుత్వ స్థిరాంకాన్ని గురుడి ద్రవ్యరాశితో గుణిస్తే వచ్చేది, అంటే జీఎం, కిలోమీటర్లు సెకన్లలో 12.67 కోట్లు.

మొదటి పని: ఒక తోకచుక్కని గురుడి పక్కనుంచి పంపడం

షీటు అడ్డంగా పెట్టుకోండి. సెకనుకు 1 కి.మీ. అంటే 1 సెంటీమీటరు. సూర్యుడు షీటుకి కింద ఎక్కడో దూరంగా ఉన్నాడనుకోండి. ఎడమ అంచు నుంచి కుడికి 13 సెం.మీ. బాణం గీయండి. అది గురుడి వేగం. ఆ బాణం కొన నుంచి నిట్టనిలువుగా పైకి 6 సెం.మీ. బాణం గీయండి. గురుడి మీద కూర్చుని చూసేవాడికి తోకచుక్క వచ్చే వేగం అది. ఇప్పుడు మొదటి బాణం మొదలు నుంచి రెండో బాణం కొనకి ఏటవాలుగా గీత కలపండి. కొలిస్తే 14.3 సెం.మీ. వస్తుంది. సూర్యుడి లెక్కలో తోకచుక్క వేగం అదే: సెకనుకు 14.3 కి.మీ.

ఆ వేగం నుంచి కక్ష్య రాబట్టాలి. 14.3ని 13.06తో భాగించి వర్గం చేయండి: 1.20. దాన్ని 2 నుంచి తీసేయండి: 0.80. 5.204ని దీనితో భాగిస్తే 6.5 ఏయూ. ఇది కక్ష్య పొడవులో సగం. పుస్తకాల్లో అర్ధ దీర్ఘాక్షం అంటారు, నేను ఇకపై సగటు దూరం అంటాను. 6.5ని 1.5 ఘాతానికి హెచ్చిస్తే చుట్టుకి పట్టే కాలం వస్తుంది, సుమారు 16.6 ఏళ్ళు. ఇంకాస్త లెక్క చేస్తే (ఆ పద్ధతి చివరి పనిలో ఉంది) ఈ తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది 3.5 ఏయూ దాకా, అతి దూరంగా పోయేది 9.5 ఏయూ దాకా అని తేలుతుంది. అంటే ఒక కొస శని కక్ష్య దగ్గర ఉంటుంది, రెండో కొస అంగారకుడికి చాలా అవతలే ఆగిపోతుంది. భూమి మీద మనకి దానితో ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు గురుడి పని. గురుడు అసలు లాగకపోతే ఈ తోకచుక్క అతన్ని ఎంత దూరంలో దాటిపోయేదో ఆ దూరం ముఖ్యం. దాన్ని గురి దూరం అందాం. 35 లక్షల కి.మీ. తీసుకోండి. 12.67 కోట్లని, 35 లక్షలు × 36 (6 వర్గం)తో భాగించండి. 12.67 కోట్లు బై 12.6 కోట్లు, అంటే దాదాపు 1. టాన్ విలువ 1 అంటే కోణం 45 డిగ్రీలు. ఇది దారి మళ్ళే కోణంలో సగం. మొత్తం 90 డిగ్రీలు.

సెకనుకి 6 కి.మీ.తో వచ్చిన తోకచుక్క నిలువునా వచ్చి అడ్డంగా తిరిగి పోయిందన్నమాట. లెక్క ప్రకారం ఈ మలుపులో అది గురుడి కేంద్రానికి 14.6 లక్షల కి.మీ. దగ్గరకి వస్తుంది. గురుడి పెద్ద చంద్రుళ్ళు గానిమీడ్, కల్లిస్టో తిరిగే కక్ష్యల మధ్యకన్నమాట.

ఇక్కడొక విషయం మనసులో నాటుకోవాలి. గురుడి మీద కూర్చున్నవాడికి తోకచుక్క ఏ వేగంతో వచ్చిందో అదే వేగంతో పోతుంది. 6తో వచ్చింది, 6తోనే పోతుంది. దిశ ఒక్కటే మారుతుంది. కాబట్టి గురుడి బాణం కొన మీద వృత్తలేఖిని ముల్లు పెట్టి 6 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసేయండి. గురుడిని దాటాక ఈ తోకచుక్కకి ఏ గతి పట్టినా దాని కొత్త వేగం కొన ఈ వృత్తం మీదే ఎక్కడో ఒకచోట ఉంటుంది. అసలు లెక్కలో ఇది వృత్తం కాదు, గోళం. కాగితం మీదనుంచి పైకి లేచే మలుపులు కూడా ఉంటాయి. 1992 ఫిబ్రవరిలో యులిసిస్ వ్యోమనౌకని గురుడి పక్కనుంచి పంపింది అందుకే, దాని కక్ష్యని గ్రహాలు తిరిగే తలం నుంచి దాదాపు 80 డిగ్రీలు పైకి లేపడానికి. మనకి కాగితం మీది వృత్తం చాలు.

తోకచుక్క గురుడికి ముందునుంచి పోయిందనుకోండి. గురుడు కుడికి వెళ్తున్నాడు కదా, తోకచుక్క అతనికి కుడిపక్కన ఉంది. గురుడు దాన్ని ఎడమకి లాగుతాడు. పైకి ఉన్న 6 సెం.మీ. బాణం ఎడమకి పడుకుంటుంది. 13లో 6 పోతే 7. కొత్త వేగం సెకనుకి 7 కి.మీ. ఇందాకటి పద్ధతిలోనే లెక్క కట్టండి. సగటు దూరం 3.04 ఏయూ, చుట్టు 5.3 ఏళ్ళు. అతి దగ్గరి దూరం 0.87 ఏయూ. శని దాకా పోయి వచ్చే తోకచుక్క ఇప్పుడు భూమి కక్ష్య లోపలికి దూరి పోతోంది.

అదే తోకచుక్క అదే 35 లక్షల గురి దూరంతో గురుడికి వెనకనుంచి పోతే? బాణం కుడికి పడుకుంటుంది. 13కి 6 కలిస్తే 19. లెక్క కట్టండి: 19 బై 13.06 వర్గం 2.12. 2 నుంచి తీసేస్తే మైనస్. కాలిక్యులేటర్ తప్పు కాదు. మైనస్ వచ్చిందంటే ఆ కక్ష్యకి మూత పడదు, ఆ తోకచుక్క సూర్యుడి దగ్గరకి ఇక తిరిగి రాదు. గురుడి దూరంలో సెకనుకి 18.5 కి.మీ. దాటిన దేన్నీ సూర్యుడు పట్టి ఉంచలేడు.

ముందునుంచి పోవడానికీ వెనకనుంచి పోవడానికీ తేడా అటు 35, ఇటు 35, మొత్తం 70 లక్షల కి.మీ. సెకనుకి 13 కి.మీ. నడిచే గురుడికి అది ఆరు రోజుల దారి. 16 ఏళ్ళకోసారి వచ్చే తోకచుక్క ఆరు రోజులు ఆలస్యంగా వస్తే సౌర కుటుంబం వదిలి పోతుంది, టైముకొస్తే భూమి దగ్గరకి చేరుతుంది. తోకచుక్కల కక్ష్యలు వందల ఏళ్ళ ముందుకి చెప్పమంటే ఖగోళ శాస్త్రజ్ఞులు ఎందుకు నసుగుతారో ఈ ఒక్క షీటు చూస్తే అర్థమవుతుంది.

గురి దూరం మార్చి మార్చి చూడండి. 70 లక్షలు పెడితే మలుపు 53 డిగ్రీలకి పడిపోతుంది. 20 లక్షలకి 121 డిగ్రీలు. సాపేక్ష వేగం, అంటే గురుడి మీద కూర్చున్నవాడికి కనపడే ఆ 6, తగ్గిస్తే మలుపు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే దాని వర్గం కింద ఉంది. నెమ్మదిగా వచ్చేవాటి మీదే గురుడి పట్టు ఎక్కువ. కాకపోతే మరీ నెమ్మదిగా, సెకనుకి ఒకటి రెండు కిలోమీటర్లతో వచ్చేవాటికి ఈ బొమ్మ పనికిరాదు. గురుడి సొంత ఇలాకా దాదాపు 5 కోట్ల కి.మీ. దాకా ఉంటుంది. అందులో ఎక్కువ కాలం తిరుగాడేవాటిని ఈలోగా సూర్యుడు కూడా లాగుతుంటాడు. 1994 జులైలో గురుడి మీద పడ్డ షూమేకర్-లెవీ 9 అలాంటిదే. దొరికేసరికే అది గురుడి చుట్టూ తిరుగుతోంది, 1992లో మరీ దగ్గరకెళ్ళి ముక్కలైపోయి ఉంది.

రెండో పని: కక్ష్య మారినా మారని అంకె

ఇన్ని రకాలుగా దారి మారిపోతే, పాత తోకచుక్కే కొత్త దారిలో వచ్చిందని గుర్తుపట్టేదెలా? 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ టిస్సెరాండ్‌ని వేధించిన ప్రశ్న ఇది. ఆయన ఇచ్చిన సూత్రం మాటల్లో:

(5.204 ÷ సగటు దూరం) + 2 × కాస్(వాలు) × √[(సగటు దూరం ÷ 5.204) × (1 − ఉత్కేంద్రత వర్గం)]

వాలు అంటే గ్రహాలు తిరిగే తలానికి కక్ష్య ఎన్ని డిగ్రీలు ఒరిగి ఉందో ఆ కోణం. ఉత్కేంద్రత అంటే శంకుఛ్ఛేదాల్లో చదువుకున్నదే, దీర్ఘవృత్తం ఎంత సాగిందో చెప్పే అంకె.

67పీ చుర్యుమోవ్-గెరసిమెంకో తోకచుక్క తీసుకోండి, 2014లో రోసెట్టా వ్యోమనౌక చేరిందే, అది. సగటు దూరం 3.463, ఉత్కేంద్రత 0.641, వాలు 7.04 డిగ్రీలు. మొదటి ముక్క 1.503. వర్గమూలం 0.626. దాన్ని 2తోనూ కాస్ 7.04 (0.992)తోనూ హెచ్చిస్తే 1.243. మొత్తం 2.75. ఇలాగే సెరిస్ అనే గ్రహశకలానికి (2.767, 0.079, 10.59) చేస్తే 3.31 వస్తుంది. హేలీ తోకచుక్కకి (17.83, 0.967, 162.3) మైనస్ 0.6. హేలీ గ్రహాలకి ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి కాస్ మైనస్ అవుతుంది.

స్థూలంగా 3 దాటితే గ్రహశకలం, 2కీ 3కీ మధ్య అయితే గురుడి గుప్పిట్లో ఉన్న తోకచుక్క, 2 కంటే తక్కువైతే హేలీలాగా దూరం నుంచి వచ్చే బాపతు. హద్దుల దగ్గర మినహాయింపులుంటాయి.

ఎక్సెల్‌లో చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక, నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్న చోటు ఇది. ఎక్సెల్ కాస్‌కి డిగ్రీలు అర్థం కావు, రేడియన్లు కావాలి. 7.04 అలాగే ఇచ్చేస్తే 67పీకి 2.41 వస్తుంది. 2కీ 3కీ మధ్యే ఉంది కదా, బాగానే ఉందనుకుని ముందుకి పోతాం. నేనూ అలాగే పోయాను. సెరిస్ దగ్గరకొచ్చేసరికి 1.31 వచ్చింది. గ్రహశకలాల్లోకెల్లా పెద్దది, బుద్ధిగా గుండ్రంగా తిరిగేది, అది తోకచుక్క అంటే ఎలా? వాలుని ముందు రేడియన్స్ ఫంక్షన్‌లో వేసి, ఆ తర్వాతే కాస్‌కి ఇవ్వండి. కొత్త షీటు మొదలుపెట్టినప్పుడల్లా మొదటి వరుసలో సెరిస్‌నే పెట్టుకోండి, 3.31 రాకపోతే అక్కడే ఆగిపోవచ్చు.

ఇక మొదటి పనిలో గీసిన తోకచుక్కకి ఈ లెక్క కట్టండి. గురుడిని దాటకముందు సగటు దూరం 6.52, ఉత్కేంద్రత 0.457, వాలు సున్నా: 2.79. ముందునుంచి దాటాక 3.04, 0.713: 2.78. కక్ష్య గుర్తుపట్టలేనంత మారిపోయింది, అంకె మాత్రం కదల్లేదు. చివరి అంకెలో ఆ కాస్త తేడా మనం 13.06కి బదులు 13 గీసినందువల్ల వచ్చింది.

ఎందుకు కదలదు? 3 నుంచి 2.79 తీసేయండి, 0.21. అటు 6ని 13.06తో భాగించి వర్గం చేయండి, 0.21. టిస్సెరాండ్ సూత్రం మీరు గీసిన ఆ 6 సెం.మీ. వ్యాసార్ధమే, వేరే వేషంలో. వృత్తం మీద ఎక్కడికి జరిగినా వ్యాసార్ధం మారదు కదా. నాకైతే ఈ విషయం పుస్తకంలో నిరూపణ చదివినప్పుడు బుర్రకెక్కలేదు, వృత్తలేఖిని తిప్పాకే ఎక్కింది.

మూడో పని: దగ్గరకి రాకుండానే దారి మార్చడం

గురుడు పక్కకొచ్చిన వాటినే కాదు, ఎప్పుడూ దగ్గరకి రాని వాటిని కూడా మెల్లగా కదిలిస్తాడు. ఇది చూడాలంటే అసలు డేటా కావాలి. నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ (జేపీఎల్) సైట్‌లో స్మాల్-బాడీ డేటాబేస్ క్వెరీ అనే పేజీ ఉంది. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. అక్కడ మెయిన్ బెల్ట్ గ్రహశకలాలు ఎంచుకుని సగటు దూరం, ఉత్కేంద్రత, వాలు అడగండి. అన్నీ ఒకేసారి దించుకోవద్దు. గ్రహశకలాలు పది లక్షలు ఎప్పుడో దాటాయి, ఎక్సెల్ షీటులో పట్టేవి 10,48,576 వరుసలే. ప్రకాశాన్ని చెప్పే హెచ్ విలువ 15 కంటే తక్కువ ఉన్నవి చాలు అని వడపోయండి. పెద్దవే వస్తాయి, లాప్‌టాప్ ఉక్కిరిబిక్కిరి అవ్వదు.

2.0 నుంచి 3.5 ఏయూ దాకా 0.01 ఏయూ గడులు పెట్టి ఏ గడిలో ఎన్ని ఉన్నాయో బార్ చార్ట్ గీయండి. గడి వెడల్పు 0.1 పెడితే ఏమీ కనపడదు, దిబ్బలాగా కనిపిస్తుంది. 0.01 పెట్టగానే పళ్ళు ఊడిన దువ్వెనలా ఉంటుంది.

ఆ ఊడిన చోట్లు ఎక్కడ రావాలో డేటా చూడకుండా ముందే చెప్పొచ్చు. గురుడు ఒక చుట్టు తిరిగేలోపు శకలం మూడు చుట్లు తిరగాలంటే దాని సగటు దూరం ఎంత? మూడింట ఒకటిని 2/3 ఘాతానికి హెచ్చించి 5.204తో గుణించండి: 2.50. రెండు చుట్లకి అయిదైతే 2.82. మూడు చుట్లకి ఏడైతే 2.96. ఒకటికి రెండైతే 3.28. మీ చార్ట్‌లో సరిగ్గా ఆ నాలుగు చోట్లా గుంటలుంటాయి. అమెరికాకి చెందిన డేనియల్ కిర్క్‌వుడ్ 1866లో ఈ గుంటలు పసిగట్టాడు. అప్పటికి తెలిసిన గ్రహశకలాలు వంద కూడా లేవు. మనకి పదివేల వరుసలు ముందు పెట్టుకున్నా గడి వెడల్పు తప్పితే కనపడవు!

ఎందుకు ఖాళీ అయ్యాయంటే, అట్లతద్ది ఉయ్యాల గుర్తుచేసుకోండి. పెద్ద ఊపు అక్కర్లేదు, ఉయ్యాల వచ్చినప్పుడల్లా సరిగ్గా ఆ క్షణానికి ఒక చిన్న తోపు చాలు. 2.50 ఏయూ దగ్గర శకలం మూడు చుట్లకోసారి గురుడిని అదే చోట ఎదుర్కొంటుంది. ప్రతిసారీ అదే లాగుడు. అదే అనునాదం. కక్ష్య సైజు పెద్దగా మారదు కానీ అది సాగుతూ పోతుంది. 1980ల మొదట్లో జాక్ విజ్డమ్ కంప్యూటర్‌లో ఈ గుంటని పరీక్షించినప్పుడు తేలింది ఏమిటంటే, శకలం వేల, లక్షల ఏళ్ళు మామూలుగానే ఉండి ఉన్నట్టుండి ఉత్కేంద్రత 0.3 దాటేస్తుంది. 2.5 ఏయూలో ఉన్నదానికి 0.33 వచ్చిందంటే అది అంగారకుడి కక్ష్యని తాకుతుంది. ఇక అక్కడినుంచి దాని బాధ్యత అంగారకుడిది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సౌర కుటుంబం బొమ్మలో గ్రహశకలాలు ఈ రోజు ఎక్కడున్నాయో చుక్కలు పెట్టి, గుంటల చోట ఖాళీ వలయాలు కనపడాలని వెతుకుతారు. కనపడవు. 2.4 సగటు దూరం ఉన్న శకలం కక్ష్య సాగి ఉంటే, తిరిగేటప్పుడు 2.5 మీదుగా పోతూనే ఉంటుంది. ఆ దూరంలో రాళ్ళు పుష్కలంగా ఉంటాయి. లేనివి ఆ సగటు దూరం సొంతంగా ఉన్నవి. శనిగ్రహ వలయాల్లో సందుల్లా ఊహించుకోకండి.

అనునాదం ప్రతిసారీ చెడే చేస్తుందనుకోవడం కూడా తప్పు. గురుడు రెండు చుట్లు తిరిగేలోపు మూడు తిరిగేవాటి దూరం 3.97 ఏయూ. చార్ట్‌ని 5.4 దాకా పొడిగించి, క్వెరీలో హిల్డాలనీ ట్రోజన్లనీ కూడా కలిపి చూడండి. 3.97 దగ్గర గుంట కాదు, గుట్ట ఉంటుంది. హిల్డా గుంపు అది. అవి సూర్యుడికి అతి దూరంగా, అంటే గురుడి కక్ష్య వైపుగా, వెళ్ళిన ప్రతిసారీ గురుడు అక్కడ ఉండడు. ఒకే గదిలో నైట్ షిఫ్ట్ మనిషీ డే షిఫ్ట్ మనిషీ అద్దెకున్నట్టు. 5.2 దగ్గర ఇంకో గుట్ట, గురుడి కక్ష్యలోనే అతనికి 60 డిగ్రీలు ముందూ 60 డిగ్రీలు వెనకా నడిచే ట్రోజన్లు. వాటిలో మొదటిది, అకిలీస్, 1906లో మాక్స్ వోల్ఫ్ కంట పడింది.

పైథాన్ వచ్చినవాళ్ళు రీబౌండ్ అనే ఉచిత లైబ్రరీతో సూర్యుడు, గురుడు, 2.50 చుట్టుపక్కల కొన్ని బరువులేని చుక్కలు పెట్టి నడిపి చూడొచ్చు. ఒక్కో అడుగు 0.2 ఏళ్ళ కంటే పెద్దది పెట్టకండి, రాత్రి వదిలేసి పడుకోండి. దగ్గరి మలుపులు నడిపేటప్పుడు మాత్రం అడుగు తనంతట తాను తగ్గించుకునే ఐఏఎస్15 వాడండి, లేకపోతే తోకచుక్క ఒక్క అడుగులో గురుడి మీదుగా దూకేసి ఎక్కడో తేలుతుంది.

నాలుగో పని: నిజంగా జరిగినవి చూడటం

అదే జేపీఎల్ సైట్‌లో హొరైజన్స్ అనే పేజీ ఉంది, ఏ వస్తువు ఏ రోజున ఏ కక్ష్యలో ఉందో లెక్క కట్టి ఇస్తుంది. టేబుల్ రకం ఆస్క్యులేటింగ్ ఆర్బిటల్ ఎలిమెంట్స్, వస్తువు 67పీ, కేంద్రం సూర్యుడు, కాలం 1955 నుంచి 1965, అడుగు 30 రోజులు. తోకచుక్కకి ఒక్కో రాకకీ ఒక్కో రికార్డు ఉంటుంది, పెద్ద జాబితా చూపిస్తుంది. కంగారు పడకండి, మీకు కావలసిన ఏళ్ళకి దగ్గర్లోది ఎంచుకోండి. యూనిట్లు ఏయూలో ఉన్నాయో లేదో చూసుకోండి. వచ్చిన వరుసల్లో క్యూఆర్ అనేది సూర్యుడికి అతి దగ్గరి దూరం. 1959 ఫిబ్రవరి దాకా 2.7 దగ్గర నిలకడగా ఉండి, ఆ తర్వాత 1.3 దగ్గరకి పడిపోతుంది. ఆ నెలలో 67పీ గురుడికి 0.052 ఏయూ, అంటే సుమారు 78 లక్షల కి.మీ. దగ్గరగా పోయింది. పదేళ్ళ తర్వాత, 1969లో, అది మనుషుల కంట పడింది. అంతకుముందు కనపడేంత దగ్గరకి వచ్చేదే కాదు మరి.

39పీ ఒటెర్మా కథ ఇంకా బాగుంటుంది. 1937లో గురుడు దాన్ని లోపలికి లాగాడు. 1943లో ఫిన్లండ్‌కి చెందిన లీసి ఒటెర్మా దాన్ని కనిపెట్టింది, అప్పటికి చుట్టు 7.9 ఏళ్ళు, అతి దగ్గరి దూరం 3.4 ఏయూ. 1963లో గురుడే మళ్ళీ బయటికి నెట్టేశాడు, చుట్టు దాదాపు 19.5 ఏళ్ళు, అతి దగ్గరి దూరం 5.47. రెండు కక్ష్యలకీ టిస్సెరాండ్ లెక్క కట్టండి. వాలు కొద్ది డిగ్రీలే కాబట్టి కాస్‌ని 1 అనుకోవచ్చు. సగటు దూరం రావాలంటే చుట్టు ఏళ్ళని 2/3 ఘాతానికి హెచ్చించాలి, ఉత్కేంద్రతకి 1 నుంచి (దగ్గరి దూరం ÷ సగటు దూరం) తీసేయాలి. 3.04, 3.01 వస్తాయి.

అయిదో పని: కవచం సంగతి

మొదటి షీటుకి తిరిగి రండి. గురుడి బాణం మొదలు దగ్గర ముల్లు పెట్టి 18.5 సెం.మీ. వ్యాసార్ధంతో చాపం గీయండి. చేతిలో ఉన్న వృత్తలేఖిని అంత విప్పుకోకపోతే దారం, పెన్సిల్ చాలు. 6 సెం.మీ. వృత్తంలో ఈ చాపానికి బయట పడ్డ ముక్కే, సౌర కుటుంబం దాటించే మలుపులు. వృత్తం కేంద్రం దగ్గర కోణమానిని పెట్టి కొలవండి. సుమారు 58 డిగ్రీలు.

ఇప్పుడు వృత్తం ఎడమ పక్క చూడండి. అక్కడ ఏ ముక్క భూమి కక్ష్య లోపలికి తెస్తుందో కావాలి. వృత్తం మీద ఒక చుక్క తీసుకోండి. బాణం మొదలు నుంచి ఆ చుక్కకి పూర్తి దూరం కొలిచి పాత పద్ధతిలో సగటు దూరం రాబట్టండి. తర్వాత అడ్డంగా మాత్రమే ఎంత ఉందో కొలిచి, 13.06తో భాగించి, వర్గం చేసి, 5.204తో గుణించండి. దాన్ని సగటు దూరంతో భాగించి, 1 నుంచి తీసేసి, వర్గమూలం తీస్తే ఉత్కేంద్రత. 1 నుంచి ఉత్కేంద్రత తీసేసి సగటు దూరంతో గుణిస్తే అతి దగ్గరి దూరం. అయిదు డిగ్రీలకో చుక్క చొప్పున ఓపిగ్గా చేస్తే, 1 ఏయూ లోపలికి వచ్చే ముక్క సుమారు 44 డిగ్రీలని తేలుతుంది.

బయటికి గిరాటేసేది 58, మన వాకిట్లోకి తెచ్చేది 44. మనం తీసుకున్న ఒక్క తోకచుక్క లెక్క ఇది, అన్నిటికీ ఇదే నిష్పత్తి రాదు. కానీ "అన్నీ తనే లాగేసుకుంటాడు" అనేవాళ్ళకి చూపించడానికి ఈ షీటు చాలు. 2008లో జోనాథన్ హార్నర్, బారీ జోన్స్ అనే శాస్త్రజ్ఞులు గ్రహశకలాలతో ఇదే ప్రశ్నని కంప్యూటర్‌లో పరీక్షించారు. గురుడు కవచమేనని అంత సూటిగా చెప్పలేమని తేలింది. గురుడి బరువులో అయిదో వంతున్న గ్రహం ఆ చోట ఉంటే భూమికి తగిలే దెబ్బలు బాగా పెరిగాయి.

కంప్యూటర్లకి రెండు వందల ఏళ్ళ ముందే ఈ బొమ్మలోని రెండు కొసలూ ఒక్క తోకచుక్కే చూపించి పోయింది. 1770 జూన్‌లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు మెస్సియే కంట పడి, జులై 1న భూమికి 22 లక్షల కి.మీ. దగ్గరగా దాటింది. తోకచుక్కల్లో అంత దగ్గరకి వచ్చింది దాదాపు లేదు. ఖగోళ శాస్త్రజ్ఞుడు లెక్సెల్ లెక్క కట్టి చుట్టు 5.6 ఏళ్ళన్నాడు. అంత పొట్టి చుట్టు తిరిగేది ఇన్నాళ్ళూ ఎందుకు కనపడలేదని అడిగితే, 1767లో గురుడు దాన్ని లోపలికి తెచ్చాడని లెక్క చూపించాడు. 1779లో అది మళ్ళీ గురుడి పక్కకే వెళ్ళింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు.